మూడో అధ్యాయం పాప

పట్టాభిరామయ్య రోజూ పొద్దున్న ఐదింటికి లేచేవాడు. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో గొంతు పుక్కిలించి, రెండు మిరియాలూ ఓ పటికబెల్లం పలుకూ బుగ్గన పెట్టుకుని, తొమ్మిదింటి దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ గొంతే ఆ ఇంటికి అన్నం పెట్టేది. పరాయి భాషల్లోంచి తెలుగులోకి దించే భక్తి సినిమాల్లో, సీరియళ్ళలో దేవుడు నోరు విప్పితే సగంసార్లు వినబడేది ఆయనే. మొహం ఎవరికీ తెలియదు. వీధిలో తోపుడుబండి దగ్గర ఆగి అరకిలో బెండకాయలు ఇమ్మన్నప్పుడు మాత్రం బండివాడు తెలియకుండానే నెత్తిన చుట్టుకున్న తువ్వాలు తీసేసేవాడు.

సినిమావాళ్ళంతా మద్రాసు వదిలి వచ్చేస్తున్న రోజుల్లో, తొంభై మూడులో, ఆయన కూడా భార్య శ్యామలాదేవినీ, పదమూడేళ్ళ కూతురు శ్రీనిధినీ తీసుకుని హైదరాబాదు వచ్చాడు. ఫిల్మ్ నగర్ గుట్ట దిగువన అనసూయమ్మ ఇంట్లో కింది వాటాలో దిగారు. అనసూయమ్మ ఈ నేల మనిషి. ఇక్కడ బండరాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ లేనప్పటి నుంచీ ఉంది. పైవాటా మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ, జూబ్లీహిల్స్ వైపు ఎక్కే కార్లను చూడడం ఆవిడ కాలక్షేపం.

కొత్త ఇంట్లో సామాను సర్దుకున్నాక శ్యామలాదేవికి ఒక్క బెంగే మిగిలింది. మార్గశిర పౌర్ణమికి వాళ్ళిద్దరూ ఈ ఇల్లు కనుక్కోగలరా అని.

పట్టాభిరామయ్య ఇంటిపేరు వాళ్ళు తరతరాలుగా పొన్నగట్టు స్వామి వ్రతం చేసేవారు. గోదావరి లంకలో ఉండే ఆ స్వామి గుడి ఎప్పుడో వరదకి కొట్టుకుపోయింది. వ్రతం మిగిలింది. దాయాదులు ఒక్కొక్కరే మానేయగా చివరికి పట్టాభిరామయ్య ఒక్కడే చేస్తున్నాడు. తాతగారు చేత్తో రాసిన వ్రతకథ ఎర్ర అట్ట పుస్తకంలో ఉంది. మార్గశిర పౌర్ణమి పొద్దున్న పీట మీద స్వామి పటం పెట్టి, పెసరపప్పు పొంగలి ముందుంచి, ఐదు అధ్యాయాలూ పైకి చదవాలి. చదవడం మొదలయ్యే ముందు ఒక ఆడమనిషి ఐదేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. ఆమె మూడో అధ్యాయంలోని మనిషి. శ్యామలాదేవి తలుపు పక్కన చాప పరిచేది. తల్లీ కూతుళ్ళు కూర్చునేవారు.

మూడో అధ్యాయం చాలా చిన్నది. ఒక ఊళ్ళో కరువు. వ్రతం జరుగుతున్న ఇంటికి పనికి వచ్చిన ఆడమనిషి కూతురు ఆకలికి ఆగలేక, నైవేద్యం పెట్టకముందే పొంగలి ఒక పిడికెడు తీసుకుని తింటుంది. "స్వామి ఆగ్రహించెను. ఆ పాపాత్మురాలగు బాలిక ఆ క్షణముననే ప్రాణములు విడిచెను. ఆమె తల్లి మరుసటి ఏట యథావిధిగా వ్రతమాచరించి, పాడిపంటలు గలిగి, సుఖముగా నుండెను." అక్కడితో అధ్యాయం అయిపోతుంది.

పట్టాభిరామయ్య గొంతు 'విడిచెను' దగ్గరికి వచ్చేసరికి చాప మీద పాప ఉండేది కాదు. మెరుపూ చప్పుడూ ఏమీ ఉండవు. ఇప్పటిదాకా ఉంది, ఇప్పుడు లేదు. కూర్చున్న చోట చాప కాసేపు వెచ్చగా ఉండేది. తల్లి నోరు తెరిచేది కానీ శబ్దం వచ్చేది కాదు. ఆమె ఏడ్చినట్టు పుస్తకంలో రాసిలేదు మరి. ఐదో అధ్యాయం అయ్యాక ప్రసాదం కళ్ళకద్దుకుని, ఒక్కతే, వచ్చిన దారినే వెళ్ళిపోయేది. మళ్ళీ ఏడాది అదే రోజున పాపని వెంటబెట్టుకుని వచ్చేది.

హైదరాబాదులో మొదటి ఏడు కూడా ఇల్లు వెతుక్కోకుండానే వచ్చారు. పాదాలు గుట్ట మీది ఎర్రమట్టి కొట్టుకుని ఉన్నాయి. మెట్ల మీంచి చూసిన అనసూయమ్మ, మీ వ్రతపోళ్ళు ఒచ్చిండ్రు, జర చాయ్ పొయ్యాల్నా అని శ్యామలాదేవిని అడిగింది. ఉపవాసం ఉంటారు, వద్దండీ అని ఈవిడ చెప్పింది. అంతకుమించి ఆ విషయం మీద ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

శ్రీనిధికి మాత్రం ఆ పాప మొదటి నేస్తం. మద్రాసులో ఐదో ఏట ఇద్దరూ పెరట్లో మందారం మొగ్గలు కోసి కుప్పగా పోగేశారు. మరుసటి ఏడు కూడా పాప అదే ఆట ఆడదామంది. శ్రీనిధికి ఎనిమిదేళ్ళొచ్చాక ఆ ఆట విసుగనిపించింది, అయినా ఆడింది. పదేళ్ళొచ్చాక పాపకి జడ వేసింది. వాళ్ళు రావడానికీ కథ మొదలవడానికీ మధ్య ఓ అరగంట ఉండేది. ఏడాది పొడుగునా ఆ అరగంట కోసం ఎదురుచూసేది, అది రాగానే భయపడేది.

పాప ఎందుకు చచ్చిపోవాలి నాన్నా అని పదేళ్ళప్పుడే అడిగింది. అదంతా స్వామి లీల, మనకి అర్థం కాదు అన్నాడు పట్టాభిరామయ్య. పన్నెండేళ్ళప్పుడు, ఆకలేసి తింటే తప్పేంటి అని అడిగింది. నియమం నియమమే కదమ్మా అన్నాడు. ఆ జవాబు చెప్పేటప్పుడు ఆయన విసుక్కోలేదు, కసురుకోలేదు. కూతుర్ని దగ్గరికి తీసుకుని, తన పెద్ద గొంతుని ఎంత తగ్గించగలడో అంత తగ్గించి చెప్పాడు. ఆయన మంచివాడు. శ్రీనిధికి అదే కష్టమైంది. చెడ్డవాడైతే ఆ కథని ఆయన మీదికి తోసేసి ఊరుకునేది.

పదహారో ఏట వ్రతం రోజు పొద్దున్న వంటింట్లోకి వెళితే, తల్లి పాపని గట్టు మీద కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెడుతోంది. పెడుతున్నది దేవుడి ముందు పెట్టబోయే గిన్నెలోంచి. శ్రీనిధి నిర్ఘాంతపోయి చూస్తుంటే శ్యామలాదేవి మూతి తుడిచి పాపని బయటికి పంపించి, పొంగలి పైన గరిటెతో చదును చేసింది.

"కడుపు నిండా తిని వెళితే అక్కడ ముట్టుకోదేమో అనుకున్నాను. పెళ్ళయి వచ్చిన రెండో ఏటి నుంచీ పెడుతున్నాను" అంది.

"ముట్టుకోవడం మానేసిందా అమ్మా?"

"అదెప్పుడూ ముట్టుకోలేదే. మీ నాన్న చదువుతారు, అది పోతుంది. అంతే." గరిటె కడుగుతూ, "నాన్నకి చెప్పకు. నియమం తప్పిందని బాధపడతారు" అంది.

ఫలితం లేదని తెలిసీ ఎందుకు పెడుతున్నావని శ్రీనిధి అడిగింది. ఆకలితో పోకూడదు కదే అని గిన్నె మీద మూత పెట్టేసింది శ్యామలాదేవి.

శ్రీనిధి ఇంజనీరింగ్ చదివింది. మాదాపూర్‌లో రాళ్ళు పేల్చి అద్దాల మేడలు కడుతున్న కాలం అది. రెండువేల రెండులో అలాంటి మేడలో ఉద్యోగం దొరికింది. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికి రాసి పంపడం ఆమె పని. తప్పని చూపిస్తే అవతలివాళ్ళు దిద్దేవాళ్ళు. ఎంత పెద్దవాడు రాసినా దిద్దేవాళ్ళు. మొదట్లో ఆమెకది నమ్మబుద్ధి కాలేదు.

రెండువేల మూడు మార్గశిర పౌర్ణమికి సెలవు పెట్టింది. ఆ రోజు పాప చాప మీద కాక ఆమె ఒళ్ళో కూర్చుంది. పట్టాభిరామయ్య పట్టుపంచె కట్టి, కళ్ళజోడు పెట్టి, మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం చదివాడు. మూడోది మొదలుపెట్టగానే శ్రీనిధి రెండు చేతులూ పాప చుట్టూ బిగించింది.

"నాన్నా, ఆ వాక్యం వదిలెయ్యి" అంది.

ఆయన కళ్ళజోడు మీంచి చూశాడు. సంకల్పం చెప్పుకున్నాక మధ్యలో ఆపకూడదు. చదివాడు. ఆ గొంతులో వణుకు లేదు, తొందర లేదు. ప్రతి అక్షరం ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడింది. శ్రీనిధి చేతులు ఆమె ఒంటికే చుట్టుకున్నాయి. తలుపు పక్కన పాప తల్లి నోరు తెరిచి చప్పుడు లేకుండా ఊగిపోతోంది.

ఐదు అధ్యాయాలూ అయ్యేదాకా శ్రీనిధి కదల్లేదు. ఆయన హారతి ఇచ్చి ప్రసాదం తీసుకురాగానే లేచి నిలబడింది.

"నాకొద్దు నాన్నా. ఇంక ఎప్పుడూ వద్దు."

శ్యామలాదేవి కూతురి చెయ్యి పట్టుకుంది. పట్టాభిరామయ్య ప్రసాదం గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, ఆఫీసులో అందరూ నాస్తికులేనా అని మెల్లగా అడిగాడు.

"దేవుడు లేడని నేనెప్పుడన్నాను? వీళ్ళు మనింటికి వస్తున్నారు, నా ఒళ్ళోంచి పోయింది. లేడని ఎలా అంటాను? ఉన్నాడు నాన్నా. ఉండి, ఆకలేసిన పిల్లని చంపాడు. అలాంటివాడికి నేను దణ్ణం పెట్టలేను."

"ఆయన్ని అడగడానికి మనమెంతవాళ్ళమమ్మా?"

"నువ్వు అడగకపోయినా పర్లేదు. చదివేటప్పుడు నీ గొంతు ఒక్కసారైనా వణికితే చాలనుకున్నాను."

ఆ మాట ఆయనకి తగిలింది. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా మోతీనగర్‌లో తోటి ఉద్యోగి మనోజతో కలిసి రెండు గదుల ఇంట్లో చేరింది.

దేవుణ్ణి వదలడం ఒక్క రోజులో అయిపోయింది. మిగతావాటిని వదలడానికి రోజులు పట్టింది. ఆఫీసు బండి ఎర్రగడ్డ దాటుతుంటే గుడి గోపురం కనబడగానే చెయ్యి దానంతటది గుండెల మీదికి వెళ్ళేది, సగంలో ఆపుకునేది. జ్వరం వచ్చి ఒంటరిగా పడుకుంటే, చిన్నప్పుడు అమ్మ చదివే శ్లోకం పెదాల దాకా వచ్చి ఆగిపోయేది. దీపం వత్తి కొండెక్కినప్పటి పొగ వాసన ఎవరింట్లోంచో వస్తే కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేది. నువ్వు చాలా ధైర్యవంతురాలివి అని మనోజ అంది ఒకసారి. శ్రీనిధికి తను ఇల్లు కాలిపోయిన మనిషిలా అనిపించేది. నిప్పు పెట్టింది తనే.

శ్యామలాదేవి ప్రతి గురువారం బస్సెక్కి వచ్చేది. సంచిలో గోంగూర పచ్చడి, కందిపొడి తెచ్చేది. రా అని గానీ, తప్పు చేశావని గానీ అనలేదు. నాన్న నీ గది తుడిపిస్తున్నారు రోజూ అని మాత్రం చెప్పేది.

ఫిబ్రవరిలో ఒక గురువారం ఆవిడ రాలేదు. పోపు వేస్తూ వంటింట్లో పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఎన్నాళ్ళుగానో రక్తపోటు ఉండి ఉంటుంది, మందులు వాడలేదు అన్నాడు డాక్టరు. ఆస్పత్రి వరండాలో తండ్రీ కూతుళ్ళు మూడు రోజులు ఒకే బెంచీకి చెరో చివర కూర్చున్నారు. పట్టాభిరామయ్య పెదాలు ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. మూడో రోజు పొద్దున్న శ్రీనిధి లేచి వెళ్ళి, బాత్రూం గోడకి తల ఆనించి, పొన్నగట్టు స్వామీ, అమ్మని ఇచ్చెయ్యి, నేను మళ్ళీ వస్తాను, ఏం చెయ్యమంటే అది చేస్తాను అని మొక్కింది. మొక్కుతుంటేనే సిగ్గేసింది. అయినా మొక్కింది. మధ్యాహ్నానికి శ్యామలాదేవి పోయింది.

పదో రోజు చుట్టాలంతా వెళ్ళాక పట్టాభిరామయ్య కూతురి మొహం చూడకుండా ఒకే ఒక్క మాట అన్నాడు.

"నువ్వు ప్రసాదం తీసుకోకుండా లేచి వెళ్ళావు."

శ్రీనిధి దగ్గర జవాబుంది. ఇరవై నాలుగేళ్ళుగా అమ్మ దేవుడి గిన్నె ఎంగిలి చేసి పాపకి పెడుతూ వచ్చింది, అన్నేళ్ళూ ఏమీ కాలేదు అని చెప్పొచ్చు. కానీ అమ్మ చెప్పకని అడిగింది. చెబితే ఆయన ఆ నేరం కూతురి మీంచి తీసి భార్య మీద వేస్తాడేమో కూడా. సంచీ తీసుకుని బయటికి నడిచింది. ఆ మాటని నమ్మలేదు. కానీ రోజూ నిద్ర లేవగానే మొదట గుర్తొచ్చేది ఆ మాటే.

ఏటిసూతకం కాబట్టి ఆ డిసెంబరులో వ్రతం జరగలేదు. తల్లీ కూతుళ్ళు రాలేదు. తండ్రీ కూతుళ్ళు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

రెండువేల ఐదు మార్గశిరంలో అనసూయమ్మ శ్రీనిధికి ఫోన్ చేసింది.

"మీ నాయిన ఎల్లుండి వ్రతం పెట్టుకుండు బిడ్డా. పొంగలి గిట్ల ఎట్ల చేస్తరని నన్నడుగుతుండు. నేను చెప్పిన గని... వాళ్ళొస్తే చాప ఎవరేస్తరు?"

దేవుడి కోసమైతే రానని చెప్పగలిగేది. చాప కోసం రానని చెప్పలేకపోయింది.

వెళ్ళేసరికి పట్టాభిరామయ్య వంటింట్లో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. పొంగలి అడుగంటింది. పట్టుపంచె మీద మసి. ఆయన కూతుర్ని చూసి పక్కకి జరిగాడు. ఆమె ఆ గిన్నె దించి, మాడనంత వరకూ వేరే గిన్నెలోకి తీసి, నెయ్యి వేసింది. ఆయన పీట దగ్గరికి వెళ్ళాక గుమ్మంలో అలికిడైంది. పాప తల్లి, పాప. శ్రీనిధి చాప పరిచింది. పాప లోపలికి తొంగిచూసి, వంటింట్లోకి వచ్చి, అలవాటుగా గట్టు ఎక్కి కూర్చుంది. శ్రీనిధి అమ్మ చేసినట్టే దేవుడి గిన్నెలోంచి తీసి ముద్దలు పెట్టింది. ఐదేళ్ళ పాప, ఇరవై ఐదేళ్ళ శ్రీనిధి. పాప ఆమెని గుర్తుపట్టింది కానీ తింటున్నంతసేపూ గుమ్మం వైపే చూసింది.

పట్టాభిరామయ్య చదవడం మొదలుపెట్టాడు. శ్రీనిధి పటం ఎదురుగా కూర్చోలేదు. చాప పక్కన, పాప తల్లి దగ్గర కూర్చుంది. గొంతు పాతదే. అంత చిక్కిపోయిన ఒంట్లోంచి అంత గొంతు ఎలా వస్తోందా అనిపించింది. మొదటి అధ్యాయం అయింది. రెండోది అయింది. మూడో అధ్యాయం పేజీ తిప్పగానే పాప తల్లి ఎప్పటిలాగే కళ్ళు గట్టిగా మూసుకుంది. పాప లేచింది. నడిచి వెళ్ళి పట్టాభిరామయ్య మోకాలి మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆయన దగ్గరికి వెళ్ళలేదు.

"పొంగలి పెట్టే అమ్మ ఏది?" అని అడిగింది.

ఆయనకి మొదట అర్థం కాలేదు. అందరికీ పెడతాంలే, కథ అయ్యాక అన్నాడు.

"కథకి ముందే పెడుతుందిగా. లోపల, గట్టు మీద. ఆ గిన్నెలోంచే" అని పాప పటం ముందున్న గిన్నె చూపించింది. "ఇందాక అక్క పెట్టింది. అమ్మ ఏది?"

పట్టాభిరామయ్య తల తిప్పి కూతురి వైపు చూశాడు.

"శ్యామల పెట్టేదా?"

శ్రీనిధికి అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. "పెళ్ళయిన రెండో ఏటి నుంచీ పెట్టింది నాన్నా. ఆకలితో పోకూడదని."

ఆయన చాలాసేపు ఆ పేజీ వంకే చూశాడు. ఇప్పుడేమంటాడో అనుకుంది శ్రీనిధి. అందుకే పోయిందన్నమాట అంటాడేమో. అంటే ఇంక ఈ మనిషి మొహం జన్మలో చూడలేదు. ఆయన వేలు వాక్యం మీద పెట్టాడు. ఏ అక్షరం మీద పెట్టాడో ఆమెకి కూర్చున్న చోటి నుంచే తెలుసు.

"ఆ పాపా..." అని మొదలుపెట్టి ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఏ డబ్బింగ్ థియేటర్లోనూ రెండో టేక్ అడగని మనిషి మూడోసారి కూడా మొదలుపెట్టాడు. మాట రాలేదు.

"ఇది చదివితే శ్యామలని కూడా అన్నట్టే కదమ్మా" అన్నాడు. "అది చేసిందీ ఇదే కదా."

పుస్తకం మూసి నేల మీద పెట్టాడు.

దీపం వెలుగుతూనే ఉంది. బయట ఎవరో షూటింగు వ్యాను వెనక్కి తీయిస్తున్నారు. పాప ఆయన మోకాలి దగ్గరే నిలబడి ఉంది. చాప మీద పాప తల్లి కళ్ళు మూసుకునే ఉంది, పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి. ఎంతకీ ఏమీ వినబడకపోయేసరికి మెల్లగా కళ్ళు తెరిచింది. కూతుర్ని చూసింది. దేక్కుంటూ వెళ్ళి ఆ పిల్ల చేతులు, కాళ్ళు, వీపు తడిమింది. ఈ క్షణం తరవాత ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. ఇంత దూరం ఎప్పుడూ రాలేదు.

"అయిపోయిందా అయ్యా?" అంది.

"అయిపోయిందమ్మా. ఇంకేం లేదు" అన్నాడు పట్టాభిరామయ్య. తరవాత చేతులు జోడించాడు, పటానికి వీపు పెట్టి, ఆమె వైపు తిరిగి. "ముప్ఫై ఏళ్ళ నుంచి చదువుతున్నాను. నీ పేరు అడగలేదు."

ఆమె ఆలోచించింది. "ఎవరూ పిలవలేదు కదయ్యా, మర్చిపోయాను. దీని పేరు నాగేశ్వరి" అంది.

అప్పుడు ఏడ్చింది. ఈసారి శబ్దం వచ్చింది. ఎంత పెద్దగా వచ్చిందంటే పైన అనసూయమ్మ బియ్యం చేట పక్కన పెట్టి కిందికి దిగి వచ్చింది. వచ్చి, ఏమైందని అడక్కుండా పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. పాప ఈ గొడవేమీ పట్టకుండా పొంగలి గిన్నె దగ్గర చతికిలబడింది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చాక తల్లీ కూతుళ్ళు లేచారు. శ్రీనిధి గేటు దాకా వెళ్ళింది. వాళ్ళు వచ్చిన గుట్ట దారి పట్టకుండా, బస్సులు తిరిగే రోడ్డు వైపు నడిచారు. మలుపు తిరిగేదాకా కనబడ్డారు.

లోపలికి వచ్చేసరికి పట్టాభిరామయ్య పీట ముందే కూర్చుని ఉన్నాడు.

"చదవకుండా ఉండొచ్చని నాకు తెలియలేదమ్మా" అన్నాడు. "ముప్ఫైసార్లు. నేనే. నా నోటితో."

శ్రీనిధి ఆయన పక్కన కూర్చుంది. ఫర్వాలేదని చెప్పలేకపోయింది, ఫర్వా ఉంది కాబట్టి. ఆయన తప్పేమీ లేదని చెప్పడానికీ నోరు రాలేదు. ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ పోయినప్పుడు నిన్ను ఆ మాట అనుండాల్సింది కాదు అన్నాడాయన ఇంకాసేపటికి. ఊఁ అంది. అడుగంటిన పొంగలే ఇద్దరూ తిన్నారు.

ఆ తరవాత సోమవారం ఆయన స్టూడియోకి వెళితే, శాపమిచ్చే సన్నివేశం ఉందన్నారు. నా వల్ల కాదని చెప్పి వచ్చేశాడు. అప్పటి నుంచీ తాతయ్యలకీ, పోస్టుమేన్‌లకీ, ఒక్క సీన్లో వచ్చి పోయే డాక్టర్లకీ డబ్బింగ్ చెప్పాడు. ఇంట్లో పొద్దున్న స్నానం చేసి అలవాటుగా దేవుడి గూటి దాకా వెళ్ళేవాడు. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ దాని చోట పెట్టేసేవాడు. శ్రీనిధి ఆదివారాలు వచ్చేది. ఒక ఆదివారం ఆమె కూరలు తరుగుతుంటే పక్కన కూర్చుని అడిగాడు.

"నీకు ఖాళీగా అనిపించదా అమ్మా?"

"అనిపిస్తుంది నాన్నా."

"ఎన్నాళ్ళకి తగ్గుతుంది?"

"తెలీదు. నాకింకా తగ్గలేదు."

ఆయన తలూపి చిక్కుడుకాయలు తన ముందుకి లాక్కుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు మార్గశిర పౌర్ణమి వచ్చింది. ఎవరూ గుమ్మంలోకి రాలేదు. అనసూయమ్మ పొద్దున్నంతా మెట్ల మీద కూర్చుని, మధ్యాహ్నానికి చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక శనివారం పొద్దున్న శ్రీనిధి ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్ళింది. ఆకుకూరల వరసలో ఒకామె గోనెసంచి మీద కొత్తిమీర కట్టలు పేర్చుకుని అమ్ముతోంది. పక్కన స్కూలు యూనిఫాం వేసుకున్న పిల్ల జామకాయ తింటోంది. పైన ముందు పళ్ళు రెండూ లేవు. కాయ పక్కకి తిప్పి దవడ పళ్ళతో కొరుకుతూ, మధ్యలో ఆ ఖాళీలోకి నాలుక పెట్టి చూసుకుంటోంది. శ్రీనిధి నిలబడిపోయింది. కొత్తిమీర ఆమె తలెత్తి, ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు ఒక క్షణం చూసి, ఎన్ని కట్టలమ్మా అని అడిగింది. పిల్ల అసలు తల ఎత్తలేదు. బడికి టైమైంది, తొందరగా తినవే నాగేశూ అంది తల్లి.

శ్రీనిధి రెండు కట్టలు తీసుకుంది. ఇంకేమీ అడగలేదు. ఆటో ఎక్కి నేరుగా ఫిల్మ్ నగర్ వెళ్ళింది. పట్టాభిరామయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు. చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"పాలపళ్ళు ఊడాయా?" అని అడిగాడు.

"రెండూ ఊడాయి నాన్నా. పైవి."

"మీ అమ్మకి చెప్పాలి" అని గబుక్కున లేచి లోపలికి నడిచాడు. శ్యామలాదేవి ఫోటో హాల్లో గోడకి ఉంది. సగం దూరం వెళ్ళాక ఆగిపోయాడు. ఇదివరకైతే ఆవిడ పై నుంచి వింటోందని నమ్మకం ఉండేది. ఇప్పుడు ఆ పైన ఏముందో ఆయనకి తెలియదు. వినడానికి ఎవరూ లేరేమో. గది మధ్యలో, చేతిలో పేపరుతో, ఎటు వెళ్ళాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు. శ్రీనిధి వెనకే వచ్చి ఆయన భుజం పక్కన నిలబడింది.

ఆయన మిగతా సగం దూరం కూడా నడిచాడు. ఫోటో ఎదుట నిలబడి, ఏ దేవుడిదీ కాని చిన్న గొంతుతో, పాపకి పాలపళ్ళు ఊడాయి శ్యామలా అన్నాడు. వినబడలేదేమో అన్నట్టు మళ్ళీ ఒకసారి చెప్పాడు.